సూదిమొనతో సీమయాత్ర

లండన్‌లో చేతిలో డబ్బు తక్కువున్న మనిషి మనసు ఎప్పుడూ గుణకారాలు చేస్తూనే ఉంటుంది. కప్పు కాఫీ ధర కనబడగానే పౌన్లు రూపాయలవుతాయి, ఆ రూపాయలకు విశాఖ జగదాంబ సెంటర్‌లో ఎన్ని భోజనాలు వస్తాయో లెక్క తేలుతుంది, కాఫీ కాస్తా కౌంటర్ మీదే ఉండిపోతుంది. ఈ లెక్కలన్నీ గుమ్మం బయట వదిలేసి వెళ్లగలిగిన చోట్లు కూడా ఆ మహానగరంలో ఉన్నాయి. బ్రిటన్ జాతీయ మ్యూజియాల్లో శాశ్వత సేకరణలు చూడటానికి 2001 డిసెంబరు నుంచి ప్రవేశ రుసుము లేదు. సౌత్ కెన్సింగ్టన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, అంటే అందరూ వి అండ్ ఏ అని పిలిచేది, అలాంటి చోటే. విశాఖ నుంచి వెళ్లినవాడు ఆ గుమ్మంలోకి కొంచెం దర్జాగా అడుగు పెడతాడు. లోపల మన ఊరి పని ఉంది మరి.

చేరడానికి కూడా పెద్ద ఖర్చు లేదు. భూగర్భ రైలు కంటే ఎర్ర బస్సు చవక. మొదటి బస్సులో కార్డు తాకించిన గంటలోపు ఇంకెన్ని బస్సులు ఎక్కినా మళ్లీ డబ్బు పడదు. 74 నంబరు బస్సు మ్యూజియం ముందే ఆగుతుంది. హాస్టల్ వంటగదిలో పొద్దున కలుపుకున్న పులిహోర డబ్బాలో ఉంటే, హైడ్ పార్కు బెంచీ మీద మధ్యాహ్న భోజనం అయిపోతుంది. డబ్బు కంటే కాళ్లను నమ్ముకుని తిరగడం విశాఖకు కొత్తేమీ కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లలితకళలు బోధించిన మాచవరపు ఆదినారాయణ గారు కాలినడకన దేశం తిరిగి ‘భ్రమణకాంక్ష’ రాశారు. అయితే ఆయన కంటే రెండు వందల ఏళ్ల ముందే, ఊరు దాటకుండా, ఓడ ఎక్కకుండా యూరప్ చూసి వచ్చినవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. వాళ్ల యాత్రా చరిత్ర కాగితం మీద లేదు, ఏనుగు దంతం మీద ఉంది. నేను చెప్పబోయేది దాని గురించే.

పద్దెనిమిదో శతాబ్దంలో ఇప్పటి వన్ టౌన్, కోటవీధి ప్రాంతంలో ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం ఉండేది. ఊరి పేరు వాళ్ల నోట విజగపటం. వాళ్ల ఇళ్లలో కుర్చీలకు, మేజాలకు, అద్దపు చట్రాలకు, పెట్టెలకు నమూనాలు సీమ నుంచి వచ్చేవి. పని మాత్రం ఇక్కడి కంసాలులది. మొదట్లో జిట్రేగి వంటి ముదురు రంగు చెక్కలో దంతపు ముక్కలు పొదిగి పూలతీగలు తీర్చేవారు. కోరమాండల్ తీరంలో బట్టల మీద అద్దే లతలు, పువ్వులు ఆ చెక్క అంచుల మీదికి నడిచి వచ్చాయి. శతాబ్దం సగం దాటాక పద్ధతి మారింది. చెక్క పైకి కనిపించడం మానేసింది. గంధపు చెక్కతోనో మరో చెక్కతోనో చేసిన పెట్టె మొత్తానికి పలచటి దంతపు రేకులు తాపడం చేసి, రేకు మీద సన్నటి గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపారు. 1756లో ఈ ఊరు చూసిన జాన్ కార్నీల్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఇక్కడి పొదుగుపని గురించి మెచ్చుకోలుగా రాసిపెట్టాడు. అంటే అప్పటికే పేరు మోసిన పనే.

చరిత్ర ఇంతవరకు చాలు. ఇక వస్తువు దగ్గర నిలబడదాం.

విశాఖ పనుల్లో ఇంటి ఆకారంలో చేసిన పెట్టెలు ఒక తరగతి. దొరసానులు కుట్టుపని సామాను దాచుకునే చిన్న పెట్టెలు, 1790–1800 ప్రాంతంలోవి. ఇంటి పైకప్పే మూత. ముందు కళ్లు పట్టుకునేది రంగు. దంతం తెల్లగా ఉంటుందని అనుకుంటాం గాని, రెండు శతాబ్దాలు దాటిన దంతానికి తెలుపు అనే మాట చాలదు. అంచుల దగ్గర లేత పసుపు, మధ్యలో మీగడ రంగు, వెలుతురు ఏటవాలుగా పడినచోట లోపలి నుంచి వచ్చే ఒక వెచ్చటి ఛాయ. అద్దం వెలుతురును తిప్పి కొడుతుంది. దంతం కొంచెం తాగి, మిగిలింది తిరిగి ఇస్తుంది. ఇది ఒకప్పుడు ప్రాణం ఉన్న పదార్థమని ఆ ఛాయే చెబుతుంది.

తరువాత గీత. మొదటి చూపుకు నలుపు సిరాతో గీసినట్టు ఉంటుంది, తల వంచి చూస్తే అది గీత కాదు, గాడి. ఉక్కు సూదిమొనతో దంతంలోకి దిగి, లోతు ఎక్కడా తప్పకుండా నడిచిన గాడి. దానిలో లక్క కరిగించి పోసి, పైన మిగిలింది గీకి, నునుపు చేస్తే నలుపు గాడిలోనే నిలుస్తుంది. కాటుక పెట్టాక కన్ను తెరుచుకున్నట్టు ఒక్కసారిగా రేకంతా తేటపడుతుంది. గీత వెంట్రుకంత సన్నం, అయినా ఎక్కడా వణుకు లేదు. కాగితం మీద పెన్సిలు తప్పితే చెరిపేయొచ్చు. దంతం మీద తప్పిన గీతకు క్షమాపణ లేదు. అందుకే ఇక్కడి ప్రతి గీతలోనూ ఊపిరి బిగబట్టిన ఒక క్షణం నిలిచి ఉంది. చూసేవాడి ఊపిరి కూడా దానితోపాటే సన్నబడుతుంది.

పెట్టె అంచుల వెంబడి పూలతీగ నడుస్తుంది. ఈ తీగ దగ్గర కంసాలి చెయ్యి సొంత ఇంట్లో తిరుగుతోంది. వంపు తిరిగినచోట ఆకు, ఆకు చివర మొగ్గ, మొగ్గ వెనక మళ్లీ వంపు. మూలకు వచ్చినప్పుడు చాలామంది పనివాళ్లు తడబడతారు, తీగను కోసి మళ్లీ మొదలుపెడతారు. ఇక్కడ తీగ మూల తిరగడానికే పుట్టినంత సహజంగా మళ్లుతుంది. పునరుక్తి ఉంది, విసుగు లేదు. ప్రతి పువ్వూ వెనకటి పువ్వు చెల్లెలే తప్ప నకలు కాదు.

ఇక గోడలు. కిటికీలు, తలుపు, పైకప్పు పెంకులు, ఇటుకల వరసలు అన్నీ చెక్కి ఉన్నాయి. ఇదే కాలపు మరికొన్ని విశాఖ పెట్టెల మీద స్తంభాలున్న భవనాలు, తోటలు, చెట్ల మధ్య పెద్ద మేడలు కనిపిస్తాయి. వీటికి మూలం యూరప్ నుంచి వచ్చిన రాగిరేకు అచ్చుబొమ్మలు. ఎవరో దొర ఒక బొమ్మ ఇచ్చి ఉంటాడు, ఇలా చెయ్యమని ఉంటాడు. ఆ మేడ ఎంత ఎత్తుంటుందో, ఆ రాయి ఏ రంగో, ఆ తోటలో గాలి ఎలా వీస్తుందో కంసాలికి చెప్పినవాడు ఉండడు. అతని ముందున్నది నల్లటి గీతలు మాత్రమే. ఆ గీతలనే నమ్మి ఒక దేశంలోకి నడిచి వెళ్లాడు. పైసా ఖర్చు లేని ఆ ప్రయాణమే ఈ పని తాలూకు రసం.

ఎలాగో చూడండి. యూరప్ చిత్రకారుడు దగ్గరదగ్గరగా గీసిన అడ్డగీతలు నీడ కోసం. వెలుతురు ఎడమ నుంచి వస్తోంది గనక కుడి గోడ చీకటి అని చెప్పడానికి. విశాఖ చేతిలో అవే గీతలు నీడ చెప్పడం మాని అలంకారమయ్యాయి. గోడంతా ఒకే వెలుగు. సూర్యుడు ఏ పక్కనున్నాడో తెలియదు, బహుశా లేడు. ప్రతి ఇటుకకూ సమానమైన గౌరవం, దూరపు కిటికీకి దగ్గరి కిటికీకి ఒకే శ్రద్ధ. చెట్టు దగ్గరికి వచ్చేసరికి అచ్చుబొమ్మలో గుబురుగా వదిలేసిన ఆకులను ఇతను విడివిడిగా లెక్కపెట్టి ఇచ్చాడు. పాశ్చాత్య దృష్టితో చూస్తే ఇది తప్పు, దూరం దూరంగా లేదు, నీడ నీడగా లేదు. రసదృష్టితో చూస్తే ఇదే అసలు సొగసు. కళ్లతో చూసిన ఊరికి ఒక వేళ ఉంటుంది, ఒక వాతావరణం ఉంటుంది. మనసుతో చూసిన ఊరికి అవి ఉండవు. అది ఎప్పుడూ కడిగిన ముత్యమే. లండన్ ఆకాశం కింద రోజూ తడిసిన మనిషికి ఆ పెట్టె మీది ఇంగ్లండు ఎంత పొడిగా, ఎంత స్వచ్ఛంగా ఉందో చూస్తే నవ్వు వస్తుంది, ఆ నవ్వు వెనకే ఆశ్చర్యం. అద్భుత రసానికి స్థాయీభావం విస్మయమని ఆలంకారికులు చెప్పారు. ఇక్కడ విస్మయం రెండు వైపులా ఉంది. చూడని ఊరిని తలచుకుని చేసినవాడిది ఒకటి, ఆ ఊళ్లోనే నిలబడి అతని తలపును చూస్తున్నవాడిది ఒకటి.

ఈ పనులు ఎక్కడిదాకా వెళ్లాయో చెప్పాలి. 1933లో మన హార్బరు తెరవక ముందు ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసేవి. సరుకంతా పడవల మీద అలలు దాటి వెళ్లాల్సిందే. డాల్ఫిన్స్ నోస్ కొండ నీడలోంచి అలా అలల మీద ఊగుతూ సాగిన పనితనం రాజాంతఃపురం చేరింది. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ చనిపోయాక, 1781లో అతని సామాను వేలంలో దంతపు కుర్చీలను మూడో జార్జి రాజు తన రాణి షార్లెట్ కోసం కొన్నాడు. అవి విశాఖ పనితనం ముద్ర ఉన్నవి, ఇప్పటికీ బ్రిటన్ రాజకుటుంబ సేకరణలోనే ఉన్నాయి. చేసినవాళ్ల పేర్లు ఎవరూ రాసుకోలేదు గాని, చేతులు దొరుకుతాయి. ఒకే వస్తువు మీద తీగ గీసిన చెయ్యి నిర్భయంగా పోతుంది. మేడ గీసిన చెయ్యి కొంచెం జాగ్రత్తగా, పరాయి వీధిలో నడిచే మనిషి తీరుగా పోతుంది. ఇద్దరు పనివాళ్లా, ఒకే మనిషి రెండు మనఃస్థితులా అని తేల్చుకోవడానికి అరగంట నిలబడవచ్చు. టికెట్టు కొనని చోట ఆ అరగంటకు ఎవరూ వెల కట్టరు.

ఒక మాట దాటవేయకూడదు. ఈ అందం వెనక చచ్చిన ఏనుగు ఉంది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఆ తరువాతి సవరణలు దంతం వ్యాపారానికి తలుపులు మూశాయి. బ్రిటన్ కూడా 2018లో దంతం చట్టం చేసి, 2022 జూన్ నుంచి అమలు చేస్తోంది. ఈ పని మళ్లీ పుట్టదు, పుట్టకూడదు కూడా. ఆ సంగతి తెలిసి చూస్తే అందం తగ్గుతుందా? తగ్గదు, బరువెక్కుతుంది. ఆ వెచ్చటి ఛాయకు, వంకలేని గీతకు మెచ్చుకోలుతో పాటు ఒక బాకీ కూడా గుర్తొస్తుంది. కరుణ కలవని అద్భుతం ఇక్కడ కుదరదు.

లోపలికి వచ్చేటప్పుడు విశాఖవాడికి ఉన్న దర్జా ఈపాటికి ఏమైంది? మొదట ‘ఇది మా ఊరిది’ అనే ఉప్పొంగు నిజమే. గాజు అవతల ఉన్న వస్తువును ఇవతల నిలబడి చూడాల్సి రావడంలో ఒక గుచ్చుకోలు కూడా నిజమే. కాని చూపు ఆ తీగ వెంట నాలుగు మూలలూ తిరిగి వచ్చేసరికి ‘మాది’ అన్నది పలచబడుతుంది, ‘వాళ్ల దగ్గర ఉంది’ అన్నదీ పలచబడుతుంది. ఆలంకారికుడు భట్టనాయకుడు సాధారణీకరణం అన్నది ఈ స్థితినే. నాది, పరులది అన్న కంచె తొలగితే గాని రసం నిలవదు. ఈ విషయంలో ఖాళీ జేబు గొప్ప సహాయం చేస్తుంది. కొనలేనివాడు ధర అడగడు, ఇంట్లో ఎక్కడ పెట్టుకోవాలో ఆలోచించడు. ఈ పనులు రాణికి కుర్చీలు, గవర్నరుకు ఆస్తి, వేలంవాడికి సరుకు. చూడటం తప్ప ఇంకేమీ చేయలేని మనిషికి మాత్రమే అవి పూర్తిగా గీతలు, వెలుగు, తీగలు. ఆ బీదతనాన్ని నేను పొగడటం లేదు. అది చూపుకు ఇచ్చే తీరుబడిని మాత్రం పొగడక తప్పదు.

ఊళ్లో ఏం మిగిలింది అని అడిగితే, దంతం పోయింది గాని లక్క ఉంది. పాత విశాఖ జిల్లాలోని ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకు ఇప్పటికీ లక్కే మెరుపునిస్తుంది. ఆ బొమ్మలకు సహజ రంగులు తిరిగి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఉక్కు కూడా ఉంది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసుల ఊరు మనది. ఉక్కునగరం ఆ పేర్లు తలచుకుని గర్వపడుతుంది, సబబే. ఆ గర్వంలో కొంచెం వాటా, రెండు వందల ఏళ్ల కిందట ఇదే ఊళ్లో దంతం మీద నడిచిన ఆ సూదిమొన ఉక్కుకూ ఇవ్వాలి.

లండన్‌లో ఉచితంగా చూడదగ్గ తెలుగు నేల సంపద ఇదొక్కటే కాదు. బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలున్నాయి. అక్కడ రాయి మనల్ని ముంచెత్తుతుంది, మనం చేయాల్సింది నిలబడటమే. విశాఖ పని అలా మీదికి రాదు. వంగితే గాని, ఓపిక పడితే గాని మాట్లాడదు. కళగా అమరావతి ముందు ఇది చిన్నదే, అందులో దాపరికం అక్కర్లేదు. చిన్నదానికి ఇవ్వాల్సిన శ్రద్ధ మాత్రం పెద్దదానికి ఇచ్చేదానికంటే ఎక్కువ.

చదువుకోవడానికి లండన్ వెళ్లి ఈస్ట్ హామ్‌లో నలుగురు కలిసి గది పంచుకునే మన పిల్లలకు ఒక సలహా. వి అండ్ ఏ శుక్రవారాల్లో రాత్రి పది దాకా తెరిచి ఉంటుంది. ఏది ప్రదర్శనలో ఉందో, ఏది గిడ్డంగిలో ఉందో వాళ్ల వెబ్‌సైటులో విజగపటం అని వెతికి ముందే చూసుకోండి. 2025 మే 31న స్ట్రాట్‌ఫర్డ్ దగ్గర తెరిచిన వి అండ్ ఏ ఈస్ట్ స్టోర్‌హౌస్‌లో, అక్కడ భద్రపరిచిన వాటి నుంచి ఐదు వస్తువుల దాకా ఎంచుకుని, రెండు వారాల ముందు చెబితే, బయటికి తీసి చూపిస్తారు, అదీ ఉచితంగానే. ఐదు అడగొచ్చు గాని ఒక్కటే అడగండి. ఇచ్చిన సమయమంతా దానికే ఇవ్వండి. రోజుకు పన్నెండు చోట్లు చుట్టబెట్టి ఫొటోలు తీసుకున్నవాళ్ల కంటే మీరు ఎక్కువ చూసినట్టే.