వేడికి దారి చూపే చేయి

తిరుపతి కరకంబాడి రోడ్డులోని ఆ షెడ్డుకు మేం బండి తీసుకెళ్లింది బ్రేకుల కోసం. మేస్త్రి మాత్రం ముందు చక్రాల వైపు చూడనైనా లేదు. వెనక్కి వెళ్లి, బండి కింద దూరి, కమాన్ కట్టలో పట్టీలు లెక్కపెట్టాడు. "ఒకటి ఎక్కువ ఏయించినావే అన్నా" అన్నాడు.

బండి యాత్రికులను తిప్పే తొమ్మిది సీట్ల వ్యాను. పైన క్యారియర్, ముందు ఇనుప బంపర్, వెనక అదనపు సీట్లు. నిండుగా ఎక్కితే రెండున్నర టన్నులకు తగ్గదు. తిరుమల నుంచి దిగేటప్పుడు సగం దారిలోనే పెడల్ మెత్తబడుతోందని, కాలిన వాసన వస్తోందని యజమాని ఫిర్యాదు. ఫోన్లో ఎక్కడో చూసి, రంధ్రాలున్న డిస్కులు, ఎర్ర రంగు క్యాలిపర్లు కావాలన్నాడు.

"పట్టేది ఎంతసేపు? పట్టినాక ఆ వేడి యాడికి పోవాల?" అని మేస్త్రి ఎదురు ప్రశ్న వేశాడు. మిగతా రెండు రోజుల పనంతా ఆ ప్రశ్నకు జవాబే.

ఆ వేడి ఎంతో లెక్క కడితే నాకే ఆశ్చర్యమేసింది. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగే బండ్లది. దిగుడు సుమారు 700 మీటర్లు. రెండున్నర టన్నుల బండి అంత ఎత్తు నుంచి దిగితే విడుదలయ్యే శక్తితో ఆరు లీటర్లకు పైగా నీళ్లను పూర్తిగా ఆవిరి చేయవచ్చు. కొంత గాలికి, టైర్లకు, ఇంజనుకు పోతుంది. డ్రైవరు న్యూట్రల్లో వదిలాడా, ఇంజను వాటా కూడా బ్రేకుల నెత్తినే పడుతుంది.

ఇక ఆ అదనపు పట్టీ సంగతి. ఇలాంటి బండ్లలో వెనక ఇరుసు దగ్గర ఒక చిన్న లోడ్ వాల్వ్ ఉంటుంది. బరువుకు బండి ఎంత కుంగిందో ఒక కడ్డీ దానికి చెబుతుంది. కుంగితే వెనక బ్రేకులకు ఒత్తిడి ఎక్కువ పంపుతుంది, లేకపోతే చక్రాలు జామ్ కాకుండా తగ్గిస్తుంది. పట్టీ చేర్చాక బండి కుంగడం మానేసింది. తొమ్మిది మంది కూర్చున్నా ఖాళీగానే ఉందని వాల్వ్ నమ్ముతోంది! వెనక బ్రేకులు అరకొరగా పనిచేస్తుంటే, ఆ భారమంతా ముందు డిస్కులు మోస్తున్నాయి. బరువు మోయడానికి చేసిన ఏర్పాటే బ్రేకులను కాలుస్తోందన్నమాట. ఇది కనిపెట్టడానికి మేస్త్రి ఒక్క స్పానర్ కూడా పట్టలేదు. కొత్త పట్టీకి సరిపడా కడ్డీని సర్దడానికి అరగంట పట్టింది. నా మటుకు నాకు మొత్తం పనిలో అదే గొప్ప పని.

రంధ్రాల డిస్కులకు ఒప్పుకోలేదు. వేడి మీద ఆ రంధ్రాల అంచుల దగ్గరే పగుళ్లు మొదలవుతాయన్నాడు. అదే కంపెనీ పెద్ద బండికి వచ్చే మందపాటి వెంటిలేటెడ్ డిస్కులు, వాటి క్యాలిపర్లు, వాటికి సరిపోయే మాస్టర్ సిలిండర్ మొత్తం సెట్టుగా తెప్పించాడు. క్యాలిపర్ పిస్టన్లు పెద్దవైతే ఆయిల్ ఎక్కువ కావాలి. పాత సిలిండరే ఉంచితే పెడల్ నేలదాకా దిగుతుంది.

ఒక డిస్కును ఎత్తి వెలుతురుకు అడ్డంగా పట్టుకుని నాకు చూపించాడు. రెండు ఇనుప పళ్లాల నడుమ వంపు తిరిగిన రెక్కలు. చక్రం తిరుగుతుంటే అవి నడిమధ్య నుంచి గాలి లాగి అంచుల్లోంచి విసిరేస్తాయి. రెక్కలు తిరిగే దిక్కుకు వెనక్కి వాలి ఉండాలి కాబట్టి ఎడమది ఎడమకే, కుడిది కుడికే. తారుమారు చేసినా బ్రేకు పడుతుంది, గాలి మాత్రం సరిగా ఆడదు. ఆ తప్పు బయటికి ఏమాత్రం కనబడదు.

డిస్కు బిగించి డయల్ గేజ్ పెట్టాడు. 0.09 మిల్లీమీటర్ల ఊగు. నేనైతే బాగుందనేవాణ్ణి. విప్పేశాడు. హబ్ మీద గోటి అంచంత తుప్పు పెచ్చు. ఎమరీ పేపరుతో రుద్ది, డిస్కును ఒక బోల్టు రంధ్రం పక్కకు జరిపి మళ్లీ కూర్చోబెట్టాడు. 0.03. అప్పుడు తలాడించాడు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. డాట్ 4కి ఆ అంకెలు 230, 155. లైనులో ఆయిల్ మరిగితే బుడగలొస్తాయి. కాలు తొక్కేది బుడగలనే, ప్యాడ్లను కాదు. దిగుతూ దిగుతూ పెడల్ మెత్తబడిందంటే కారణాల్లో ఇదొకటి. పాత ఆయిల్ కాఫీ రంగులో వచ్చింది. దూరపు చక్రంతో మొదలుపెట్టి, ఒక్కో నిపుల్ దగ్గర ఎయిర్ తీస్తూ డాట్ 4 నింపాడు.

మర్నాడు తెల్లవారుజామున రేణిగుంట వైపు ఖాళీ రోడ్డు మీద తనే నడిపాడు. అరవై నుంచి పదికి, బండి పూర్తిగా ఆపకుండా, పదిసార్లు. తర్వాత పది నిమిషాలు బ్రేకు ముట్టుకోలేదు. కాలుతున్న ప్యాడును డిస్కు మీద ఒకేచోట నొక్కి ఉంచితే అక్కడ దాని అచ్చు పడుతుందట. చాలామంది డిస్కు వంకర పోయిందనుకునేది చాలావరకు ఆ అచ్చునే.

ఆ వారమే నిండు బండితో కొండెక్కి, రెండో గేరులో దిగాం. అలిపిరి చేరేసరికి పెడల్ బయల్దేరినప్పుడు ఎక్కడుందో అక్కడే ఉంది.

డబ్బులిచ్చేటప్పుడు, మిగిలిన అర డబ్బా బ్రేక్ ఆయిల్ ఇంటికి తీసుకెళ్తానన్నాడు యజమాని. "మూత తీసిన డబ్బా కదన్నా" అంటూ మేస్త్రి దాన్ని పాత ఆయిల్ క్యానులో ఒంపేశాడు.