అద్దె నవలలో పెన్సిల్ రాతలు

ఈ వారం నా చిరాకుకు కారణం ఒక ఫోను. నా సీరియల్ వస్తున్న యాప్ ఆఫీసు నుంచి ఓ కుర్రాడు చేశాడు. మర్యాదస్తుడే, "అమ్మా" అని పిలుస్తాడు. కానీ చెప్పదలుచుకున్నది చెప్పేదాకా వదిలే రకం కాదు. "అమ్మా, మీరు పాఠకుల కామెంట్లకి జవాబులివ్వట్లేదు. మిగతా రచయిత్రులందరూ ఇస్తున్నారు. రోజుకో అరగంట కూర్చుంటే చాలు. ఇంకోటమ్మా, వచ్చే ఎపిసోడ్ చివర ఓ పోల్ పెడదాం. శ్రీకర్‌ని వైష్ణవి క్షమించాలా, వద్దా? ఓట్లు ఎటు ఎక్కువ పడితే అటు రాద్దురుగాని" అన్నాడు.

రాద్దురుగాని! ఆ పిల్ల ఎవర్ని లోపలికి రమ్మంటుందో, ఎవర్ని గడప అవతలే నిలబెడుతుందో తేల్చుకోవడానికే కదా నేను తెల్లారకముందే లేచి, ఫిల్టర్లో డికాషన్ దిగేలోగా కాగితాలు ముందేసుకుని కూర్చునేది! అది కూడా ఓట్లకి వదిలేస్తే ఇక నాకు మిగిలే పని టైపింగు. కామెంట్లు నేను చూడనే చూడనని చెప్పి ఫోను పెట్టేశాను. (చూస్తాను. ఒక్కటీ వదలకుండా చూస్తాను. ఆ సంగతి అతనికెందుకు?)

ఈ కాలమ్ మొదట్నుంచీ చదువుతున్నవారికి నా పాత గోలలు కంఠతా వచ్చు. హీరో ఏం పనిచేసి బతుకుతాడో, ఇంటద్దె ఎంత కడతాడో చెప్పని ప్రేమకథను నేను నమ్మను. చెంపదెబ్బతో మొదలయ్యే ప్రేమను గుమ్మం ఎక్కనివ్వను. వెన్నెల రాసేముందు పంచాంగం చూస్తాను. శుక్రవారం అమావాస్య అని ఒకచోట రాసి, ఆదివారం రాత్రి ఇద్దర్నీ పండువెన్నెల్లో డాబా మీద కూర్చోబెడితే పట్టుకునేవాళ్ళు మన పాఠకుల్లో బోలెడుమంది. అందుకే నా శ్రీకర్ ఒంగోలు చుట్టుపక్కల పొలాల్లో సోలార్ పంపుసెట్లు బిగిస్తాడు. వైష్ణవి బ్యాంకులో బంగారం తాకట్టు కౌంటర్ చూస్తుంది. పెళ్ళిమాటలప్పుడు అతను దాచిన అప్పు, అతని తల్లి గాజుల రూపంలో ఓ రోజు ఆ కౌంటర్ దగ్గరికే వచ్చింది. అక్కడ ఆపాను. వచ్చేవారం దాకా జనం కొట్టుకుంటున్నారు.

ఇంకో గోల కూడా ఉంది. రాసేవారికీ చదివేవారికీ మధ్య కనీసం ఒక వీధి దూరం ఉండాలన్నది నా సిద్ధాంతం. ఈ మాటే మా పక్కింటి రిటైర్డ్ తహసీల్దారు గారితో అన్నాను. అవును, ఏటా ఉగాదికి "ఎప్పుడైనా ఓ మంచి నవల రాయకూడదుటమ్మా" అని అడిగే ఆయనే. "అదేమిటమ్మా, ఉత్తరాల కాలంలో పాఠకులకీ మీకూ ఎంత దగ్గరతనం ఉండేది! ఇప్పుడీ కామెంట్లేమిటి, అక్షరదోషాలూ, హృదయం బొమ్మలూ" అన్నారు. ఆయన నా పక్షానే మాట్లాడుతున్నారు గనుక తలూపాను. ఇంటికొచ్చాక ఆలోచనలో పడ్డాను.

ఉత్తరాల కాలం గొప్పదే. కృష్ణాజిల్లా కాజ గ్రామంలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణి గారు జ్యోతి మాసపత్రికలో ‘సెక్రటరీ’ రాసిన రోజుల్లో జయంతి, రాజశేఖరం ఇళ్ళల్లో చుట్టాల పిల్లల్లా మాటల్లోకి వచ్చేసేవారు. సినిమావాళ్ళు సీరియల్ నవలల కోసం క్యూ కట్టారు. కోడూరి కౌసల్యాదేవి గారి ‘చక్రభ్రమణం’ 1964లోనే ‘డాక్టర్ చక్రవర్తి’ అయింది. యద్దనపూడి వారి ‘మీనా’, ‘జీవన తరంగాలు’ రెండూ ఒకే ఏడు, 1973లో తెరమీదికొచ్చాయి. ఇంత అభిమానం ఉన్నా రచయిత్రి గురించి పాఠకులకు తెలిసిందెంత? ఒక పేరు, అట్ట వెనక తపాలాబిళ్ళంత ఫొటో. కొన్నిసార్లు రాసేది ఆడవారో మగవారో కూడా తెలియదు. ఆంధ్రజ్యోతి వారపత్రికలో పురాణం సీత పేరుతో వచ్చిన ‘ఇల్లాలి ముచ్చట్లు’ రాసింది ఆ పత్రిక సంపాదకులు పురాణం సుబ్రహ్మణ్య శర్మ గారు. రచయిత్రుల పేర్లకు గిరాకీ పెరిగిన ఆ కాలంలో ఆడపేర్లు పెట్టుకున్న మగ రచయితలు ఇంకా చాలామంది. పాఠకులకేమీ లోటు జరగలేదు.

ఇక ఉత్తరాల సంగతి. నాకూ వచ్చాయి, ఇనప్పెట్టె నిండా ఉన్నాయి. మీ హీరోలాంటి సంబంధం ఎక్కడైనా ఉంటే చెప్పమని తల్లులు, హీరోయిన్ కట్టిన చీర ఏ ఊళ్ళో దొరుకుతుందని కూతుళ్ళు. ఎన్నో పెళ్ళి శుభలేఖలు. ఒకాయన మాత్రం తన భార్య అన్నం మాడబెట్టడానికి నా సీరియలే కారణమని నష్టపరిహారం అడిగారు. ఎంతో ప్రేమ ఉన్న ఉత్తరాలు. కానీ పనిచేసే మనిషిగా చెబుతున్నాను, వాటివల్ల నా రాతకు వీసమెత్తు లాభం లేదు. ఇన్‌లాండ్ లెటర్ కొని, అడ్రసు రాసి, పోస్టుడబ్బా దాకా నడిచే ఓపిక బాగా మెచ్చుకున్నవారికి ఉంటుంది, బాగా మండినవారికి ఉంటుంది. నలభయ్యో పేజీ దగ్గర ఆవులించి పుస్తకం మూసిన మనిషి ఉత్తరం రాయదు. వారపత్రికలో అచ్చయ్యే ఉత్తరాలైతే సరేసరి, సంపాదకుడు ఏరి కూర్చినవి.

ఆవులించిన ఆ మనిషి ఎక్కడ దొరికేదో నాకు చిన్నప్పుడే తెలుసు. తెనాలిలో మా వీధి చివర ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. షాపంటే మెట్ల కింద ఓ అర, ఓ స్టూలు, రెండు వైపులా కప్పుదాకా నవలలు. నడిపే ఆయన్ని అందరం బాబాయిగారనేవాళ్ళం. డిపాజిట్ కట్టాలి, రోజుకింత అద్దె. ఇళ్ళల్లో ఆడవాళ్ళు షాపు దాకా వచ్చేవాళ్ళు కాదు, నాలాంటి పిల్లల చేత చీటీలు పంపేవాళ్ళు. ఏ చీటీ ఏ ఇంటిదో ఆయనకు దస్తూరి చూస్తే తెలిసిపోయేది. "ఇది మీ పెద్దమ్మకి వద్దు, చివర్లో పిల్ల చచ్చిపోతుంది, మొన్నే ఆవిడ ఆస్పత్రి నుంచి వచ్చింది కదా" అని వేరే పుస్తకం ఇచ్చి పంపిన రోజులున్నాయి. పాఠకులను అంతగా ఎరిగిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆయన మాత్రం ఒక్క నవలా చదివేవారు కాదు, కృష్ణాపత్రిక పాత సంచికలు తిరగేసుకుంటూ కూర్చునేవారు.

ఆ పుస్తకాల అంచుల్లో పెన్సిల్ రాతలుండేవి. అట్ట లోపల ‘పుస్తకంలో రాయరాదు’ అని రబ్బరు స్టాంపు ఉన్నా ఎవరూ లెక్కచేసేవారు కాదు. హీరోయిన్ త్యాగం చేసినచోట ఒకరు ‘దీనికి బుద్ధిలేదు’ అని రాస్తే, కింద వేరే దస్తూరి ‘నీకుందా?’ అని అడిగేది. హీరో కోప్పడినచోట ‘మా ఇంట్లో రోజూ ఇదే’ అన్న మాట. దాని పక్కనే, ఎవరో ఏమో, ‘మా ఇంట్లోనూ’. వర్ణనల పేజీలమీద నిలువునా ఒక గీత, అంటే ఇక్కడ దాటెయ్యవచ్చు అని తర్వాతివారికి సూచన. వీధిలో ఎదురుపడితే పలకరింపుగా నవ్వి వెళ్ళిపోయే ఆడవాళ్ళు ఆ అంచుల్లో అలా మాట్లాడుకునేవారు.

ఇది మన ఒక్కరి సొంతమేం కాదు. ఇంగ్లండులో మిల్స్ అండ్ బూన్ కంపెనీ 1908లో పుట్టినప్పుడు అన్నిరకాల పుస్తకాలూ వేసేది. 1930లలో ప్రేమనవలల వైపు తిరిగింది. ఆ గోధుమరంగు అట్టల పుస్తకాలను నిలబెట్టింది కొని దాచుకునేవారు కాదు, వీధివీధినా ఉన్న అద్దె లైబ్రరీలు. స్కాట్లాండులోని డండీ నగరంలో ఒక లైబ్రరీలో చాలా పుస్తకాలకు ఏడో పేజీ అంకె కింద గీత ఉండటం 2018లో బయటపడింది. కొందరు ముసలమ్మలు తాము చదివేసిన పుస్తకాన్ని మళ్ళీ తీసుకుపోకుండా ఉండేందుకు పెట్టుకున్న గుర్తులవి. ఆ వార్త చదివి మా బాబాయిగారు బతికుంటే ఎంత నవ్వేవారోననుకున్నాను.

సరే, అసలు చెప్పాలనుకున్నది మా మేనత్త సంగతి. ఆవిడ వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి, వరసలో పెట్టి, బైండింగు షాపులో కుట్టించేది. ప్రతి పేజీ వెనకా సగం తెగిన జోకు, పళ్ళపొడి ప్రకటన, వారఫలాల్లో ముక్క. ఆ బైండ్లు మా పేటంతా తిరిగేవి. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు మా ఊళ్ళో చెట్లు, స్తంభాలు కూలాయి, రేకులు లేచిపోయాయి. ఆ పక్కన వేలమంది పోయారన్న కబుర్లు వస్తుంటే ఎవరికీ కథల ఊసు లేదు. ఆ వారం పత్రిక మా ఇంటికి రాలేదు. కొన్ని నెలల తర్వాత సీరియల్ అయిపోయి, బైండు చేయించే వేళకి ఒక వారం ముక్క తక్కువ పడింది.

అత్తయ్య వాళ్ళనీ వీళ్ళనీ అడిగింది, దొరకలేదు. చివరికి తెల్లకాగితాలు తెప్పించి, ముందు వారానికీ తర్వాతి వారానికీ పొసిగేట్టు మధ్యది తనే రాసేసింది. గుండ్రటి దస్తూరి, మూడు రూళ్ళ మార్జిన్. తర్వాతి భాగంలో హీరోయిన్ పుట్టింట్లో ఉంటుంది, కళ్ళు వాచి ఉంటాయి. ఎందుకు వచ్చేసిందో తెలియదు. అత్తయ్య ఆ కారణం కల్పించింది. అత్తగారు ఏమీ అనలేదు, మొగుడు చెయ్యెత్తలేదు. కంచంలో కూర తక్కువైందని అమ్మాయి నోరుతెరిచి అడిగితే అందరూ నవ్వారు, అంతే. బైండు పేటంతా తిరిగింది. చేతిరాత పేజీలు చూసి ఒక్కరూ ప్రశ్నించలేదు, అవీ అచ్చువాటిలాగే నలిగి తిరిగొచ్చాయి. అంచుల్లో అన్నిటికంటే ఎక్కువ పెన్సిల్ రాతలు ఆ పేజీల మీదే. తర్వాత నవల పుస్తకంగా వస్తే చూశాం. అసలు రచయిత్రి పెట్టిన కారణం ఒక అపార్థం, ఒక దొరికిన ఉత్తరం. మా పేటలో అందరూ అత్తయ్య కారణమే బాగుందన్నారు. అత్తయ్య మాత్రం పత్రికలో వచ్చిందే సరైనదని వాదించింది. ఆవిడ మళ్ళీ ఏమీ రాయలేదు.

దీన్నిబట్టి చూస్తే ఆ కుర్రాడి పోల్‌కి నేను ఒప్పుకోవాలి కదా అనిపించింది. పాఠకురాలు అంత బాగా రాయగలిగినప్పుడు ఓటడిగితే తప్పేమిటి? కానీ అత్తయ్యను ఎవరూ ఓటడగలేదు. అవును కాదుల మధ్య ఒకటి ఎంచుకోమని ఎవరైనా అడిగి ఉంటే, కంచంలో కూర ఆమెకు తట్టేదే కాదు.

అలా అనుకుంటూ రాత్రి మళ్ళీ కామెంట్లు తెరిచాను. బ్యాంకు ఉద్యోగి ఒకరు, ఆ గాజుల బరువుకి అంత లోను రాదు మేడమ్ అని లెక్క కట్టి చూపించారు. రాసిపెట్టుకున్నాను. దాని కింద ఇంకొకటి. రాయచోటి వైపు ఆమెట, కువైట్‌లో ఓ ఇంట్లో వంటపని. చదవడం రాదు, ఆడియోలో వింటుంది. పక్కన పనిచేసే అమ్మాయి చేత టైపు చేయించింది. అప్పు దాచినంత మాత్రాన మనిషి చెడ్డోడు కాదంట, వాళ్ళాయనా దాచాడంట, అది తీర్చడానికే తను అక్కడుందంట. క్షమించిందా లేదా అన్నది చెప్పలేదు.

దానికి నేనేం జవాబిస్తాను? చేతులు జోడించిన బొమ్మ పెట్టనా? నేను పెట్టలేదు, పెట్టనక్కర్లేకపోయింది. కింద కర్నూలు ఆమె ఒకరు అందుకున్నారు, తర్వాత డల్లాస్ నుంచి ఇంకొకరు. మీ పిల్లలు ఎవరి దగ్గరున్నారు అని అడిగారు. ఆ మాటలు రెండు రోజులు సాగాయి. శ్రీకర్ ఎక్కడో పక్కకి పోయాడు, నేనూ పోయాను. మధ్యలో రచయిత్రి గారు ధన్యవాదాలు చెప్పడానికి దిగితే అందరూ లేచి నిలబడి సర్దుకుని, సీరియల్ బాగుందండీ అనేసి వెళ్ళిపోయేవారు.

కాబట్టి తహసీల్దారు గారితో నాకు పేచీ వచ్చింది. ఉత్తరాలకంటే కామెంట్లే నయం. ఉత్తరం రచయితకు రాసేది, కామెంటు తోటి పాఠకురాలికి రాసేది. అద్దె నవలల అంచులు చూసే అదృష్టం ఆనాటి రచయిత్రులకు లేదు, నాకుంది. ఆ కుర్రాడికి నేనే ఫోన్ చేసి చెప్పాను: పోల్ పెట్టేది లేదు, జవాబులిచ్చేది లేదు, చదవడం మాత్రం రోజూ చదువుతాను. "అమ్మా, మరి ఎంగేజ్‌మెంట్ పడిపోతుంది కదా" అన్నాడు. నా హీరోయిన్‌దే ఇంకా కుదరలేదు నాయనా అన్నాను. పాపం, అర్థం కాలేదు.

మీకొక విన్నపం. మీ అటకమీద అద్దె లైబ్రరీ స్టాంపు ఉన్న నవలలు గానీ, సీరియల్ పేజీలు చింపి కుట్టించిన బైండ్లు గానీ ఉంటే తూకానికి వేసెయ్యకండి. అంచులు ఓసారి చూడండి. ఏమైనా రాసి ఉంటే ఒక కార్డుముక్క మీద ఎత్తి రాసి ఈ పత్రిక చిరునామాకు పంపండి. జవాబు మాత్రం ఆశించకండి.