ఆకు దూసిన మల్లె

సంక్రాంతి వెళ్లాక బెంగళూరు మేడల మీద తోటలు బోసిపోతాయి. కాపు అయిపోయిన అనపతీగను మొదట్లో కోసి పందిరి దింపేస్తారు. ఖాళీ కుండీలు గోడవారకు చేరతాయి. ఇది పనుల నెల, చూడ్డానికి ఏముందిలే, చూడవలసింది ఉగాదికి వస్తుంది అనుకుంటారు చాలామంది. నాకు మాత్రం ఏడాది మొత్తంలో తోట అందం కళ్లకు కట్టేది ఇప్పుడే. అందులోనూ మల్లె.

మల్లెను వసంతానికి సిద్ధం చేసే తీరే వేరు. డిసెంబరు చివర్లోనో జనవరిలోనో ముందుగా నీళ్లు తగ్గిస్తారు. మొక్క కాస్త వాడుతుంది, ఆకు పసుపు తిరుగుతుంది. అప్పుడు మూరెడు ఎత్తు ఉంచి కొమ్మలన్నీ కత్తిరిస్తారు. ఎండుపుల్లలూ, ఒకదాన్నొకటి ఒరుసుకునే రెమ్మలూ తీసేస్తారు. మిగిలిన ఆకునైనా ఉండనివ్వరు, రెమ్మవెంట చేత్తో దూసేస్తారు. పని పూర్తయ్యేసరికి కుండీలో మిగిలేది పుట్టువెంట్రుకలు తీయించిన పసివాడి తలలాంటి మొక్క.

దాని దగ్గర కూర్చుని చూడాలి. ఆకులున్నంతకాలం మల్లె ఒక గుబురు. ఆకు దూశాక అది గీతలతో వేసిన బొమ్మ. ఏ కొమ్మలోంచి ఏది చీలిందో, నిరుడు కత్తెర ఎక్కడ పడిందో, ఆ తెగిన చోటి నుంచి రెండు రెమ్మలు ఎటు తిరిగాయో అన్నీ తెలుస్తాయి. ముదురు కర్ర బూడిదరంగు, నిరుటి రెమ్మ గోధుమరంగు. ప్రతి కణుపు దగ్గరా ఆకు ఊడిన గుర్తులు ఎదురెదురుగా రెండు. ఒక్కో గుర్తుకు సరిగ్గా పైన ఆవగింజంత ఉబ్బు. మల్లె పూసేది కొత్త చిగురు కొసన, ఆ చిగురు రావలసింది ఈ ఉబ్బులోంచి. అంటే రాబోయే వేసవి మల్లెలన్నీ ఆ బోడి పుల్లల మీద ఇప్పటికే చోటు చేసుకుని కూర్చున్నాయి. పూత కన్నా ఈ గుర్తులు చూస్తున్నప్పుడే నా ఒళ్లు పులకరిస్తుంది.

తర్వాత మట్టి పని. మొదలు చుట్టూ తవ్వి, గుల్లచేసి, మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలుపుతారు. ఈ ఊరి ఎర్రమన్నులో నల్లటి ఎరువు కలుస్తున్నప్పుడు పుట్టే రంగుకు నాకు పేరు దొరకలేదు. ఆ మన్ను ఎరుపు ఇనుముది. తడి తగిలితే ఇంకా ముదురుతుంది. అనప పెరిగిన కుండీలో వేళ్లను పెకలించకుండా వదిలేస్తారు. గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే సూక్ష్మజీవులు వాటి బుడిపెల్లో కాపురముంటాయి. ఆ వేళ్లు అక్కడే మాగి తర్వాతి పంటకు బలమవుతాయి. చివరగా, ఇన్నాళ్లూ బిగబట్టిన నీళ్లను ఒక్కసారిగా నిండా పోస్తారు. వేపపిండి చేదువాసన, తడిమన్ను వాసన కలిసి లేస్తాయి. మల్లె పరిమళానికి తొలి మెట్టు అదేనని నా నమ్మకం.

కావ్యంలో ఉండవలసిన వర్ణనల వరుసలో సంస్కృత ఆలంకారికుడు దండి ఋతువునూ ఉద్యానాన్నీ చెప్పాడు, విప్రలంభాన్నీ చెప్పాడు. ఈ మూడూ ఒకేచోట దొరికేది మాఘమాసపు మేడమీద. పూసిన తోటది సంభోగశృంగారం, దాన్ని ఎవరైనా ఆస్వాదిస్తారు. ఆకు దూసిన తోటది విప్రలంభం, అంటే ఎడబాటు. రసజ్ఞుడు ఇక్కడ కొంచెం ఆగాలి. సముద్రమట్టానికి 900 మీటర్ల పైనున్న ఊరు, తెల్లవారుజామున 15 డిగ్రీల చలి. చిగురు తొందరపడదు. ఫిబ్రవరిలో ఏదో ఒక ఉదయం ఆవగింజ పగిలి లేతాకు జంటగా తొంగిచూస్తుంది. ఆ చిగురు సాగి కొసన మొగ్గలు వేస్తుంది, తరచుగా మూడు. నడిమిది ముందు విచ్చుకుంటుంది, పక్కవి రెండూ తమ వంతు వచ్చేదాకా ఆగుతాయి.

ఈ వంతుల అందాన్ని ఊరంతటికీ పరిచిన మనిషి ఒకాయన ఉన్నాడు. జర్మనీలో పుట్టి, లండన్ క్యూ ఉద్యానంలో పనిచేసి, 1893లో బరోడాకు వచ్చి, 1908 నుంచి 1932 దాకా ఈ ఊరి ఉద్యానం లాల్‌బాగ్‌ను నడిపిన గుస్తావ్ హెర్మన్ క్రుంబీగల్. ఒక చెట్టు పూత రాలేసరికి మరో జాతి చెట్టు అందుకునేలా వీధులకు చెట్లు ఎంచడం ఆయన పేరు మీదే చెప్పుకుంటారు. ముందుగా పసుపు టబెబూయా, ఆపైన జాకరండా, ఎండలు ముదిరాక గుల్‌మొహర్. జనవరిలో గణతంత్ర దినోత్సవ ప్రదర్శనకు లాల్‌బాగ్ గాజుమేడ పూలతో కిక్కిరిసి ఉంటుంది. దాన్ని చూడవద్దనను. కానీ అక్కడ అన్నీ ఒకేసారి పూసి ఉంటాయి, ఎదురుచూడ్డానికి ఏమీ మిగలదు. క్రుంబీగల్ కళ గాజుమేడలో కన్నా వీధిలో ఎక్కువ కనిపిస్తుంది.

అందుకే ఇంటి తోట సర్దేటప్పుడు పిట్టగోడ మీంచి ఒకసారి వీధిలోకి చూడాలి. ఎదురుగా టబెబూయా పచ్చగా విరగబూసే ఇంటి మీద బంతి కుండీలు పేరిస్తే రెండూ వెలవెలపోతాయి. అక్కడికి తెల్లమల్లె కావాలి, అదీ దొంతరమల్లె అయితే మరీ మంచిది. జాకరండా నీలం రాలే వీధికి నాలుగు మల్లె కుండీల మధ్య ఒక్క ఎర్రమందారం చాలు, రెండోది పెట్టకూడదు.