మూత వేసుకున్న నత్త

కోరంగి మడ అడవి బురదలో నత్తల్ని లెక్కపెట్టడం నాకు చాలా ఏళ్ల అలవాటు. పాటు తీసిన వేళ చదరపు మీటరు చట్రం నేలమీద వేసి, అందులో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా పుస్తకంలో రాసుకుంటాను. మొదట్లో నా పుస్తకంలో రెండే గడులు: బతికినవి, చచ్చినవి. ఒక శ్రావణంలో గోదావరికి ఎర్రనీరు వచ్చింది. కదలని నత్తలన్నిటినీ రెండో గడిలో వేసేశాను. నాలుగు రోజుల తర్వాత వెళ్తే, నేను గోళ్లరంగుతో చుక్క పెట్టినవే బురదమీద గీతలు గీసుకుంటూ తిరుగుతున్నాయి. ఆ పేజీ చూస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

సముద్రంలో లీటరు నీటికి 35 గ్రాముల దాకా ఉప్పుంటుంది. వరదలో నది మొగల దగ్గర ఆ నీరు దాదాపు మంచినీళ్లయిపోతుంది. బయటి నీరు పలచబడితే నత్త ఒళ్లూ పలచబడుతుంది, కణాలు నీరు తాగి ఉబ్బుతాయి. అందుకే కాలు లోపలికి లాక్కుని మూత బిగిస్తుంది. గుల్లలో చిక్కిన కాసిని ఉప్పునీళ్లే ఇక దాని సముద్రం. ఆ నీళ్లూ మెల్లగా పలచబడితే, కణాలు తమలోని అలనిన్, గ్లైసిన్ లాంటి అమైనో ఆమ్లాలను తగ్గించుకుని ఉబ్బును అదుపులో పెడతాయి.

అయితే తలుపేసుకుంటే గాలీ ఆడదు. నాకు అబ్బురమనిపించేది ఇక్కడే. ఉత్తర అట్లాంటిక్ రాళ్లమీది పెరివింకిల్ నత్తలో, గాలాడకుండా బతికే ఈ సంగతిని కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో కెన్నెత్ స్టోరీ బృందం ఏళ్ల తరబడి పరిశీలించింది. ఆక్సిజన్ ఉంటే ఒక గ్లూకోజ్ అణువు నుంచి కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులు సుమారు 30 వస్తాయి. లేకపోతే మామూలు దారిలో రెండే. సక్సినేట్ దారి పడితే ఇంకొంచెం. ఆ రాబడితో బతకాలంటే ఖర్చు తగ్గించుకోవాలి. అందుకే ఆ నత్త పైరువేట్ కైనేజ్ లాంటి ఎంజైములకు ఫాస్ఫేటు తగిలించి వాటి పని మందగింపజేస్తుంది. కొత్త ప్రోటీన్ల తయారీని బాగా తగ్గించేస్తుంది. దీపం ఆర్పకుండా వత్తి తగ్గించినట్టు.

ఇప్పుడు నా పుస్తకంలో మూడో గడి ఉంది: మూత వేసుకున్నవి. వాటిని గోటితో తట్టను, తడితే ఇంకా బిగుసుకుంటాయి. గుర్తు పెట్టిన ఒకటి రెంటిని ఉప్పునీళ్ల గిన్నెలో వేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను. గంట గడిచినా ఏమీ ఉండదు. తర్వాత మూత అంచున సన్నటి నల్లగీత కనిపిస్తుంది, ఆ సందులోంచి కాలి కొన.