భాషానిలయోపన్యాసములు – ఏటూరునాగారపు సీమ చరిత్రము

1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదునందు రావిచెట్టు రంగారావుగారి గృహమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితమైనది. నాటి సభకు పాల్వంచ సంస్థానాధీశులు పార్థసారథి అప్పారావుగారు అధ్యక్షత వహించిరి. గోదావరీతీరపు అడవిసీమ ప్రభువులొకరు నగరమునందలి తెలుగు గ్రంథాలయమునకు తొలిసభాధ్యక్షులగుట గమనింపదగిన విషయమే. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. ఇవి పుస్తకములకు బీరువాలు మాత్రమే కాక సభామందిరములు కూడ నైనవి. ఉర్దూ రాజభాషగానున్న కాలమున, చదువను వ్రాయను నేర్వనివారు సైతము దేశచరిత్రమును తమ భాషలో చెవులార విన వీలైన తావులివి. గస్తీ 53 వలన సభ జరుపుటకు ముందుగా ప్రభుత్వానుమతి పొందవలసిన దినములలో, రాజకీయమనిపించుకొనక దేశాభిమానమును ప్రకటించుటకు పూర్వచరిత్రము చక్కని మార్గమయ్యెను. కాకతీయులు ఉపన్యాసకులకు ప్రియవిషయమగుటకు ఇది యొక కారణము.

ఈ ప్రీతి గుణమును దెచ్చినది, దోషమును దెచ్చినది.

గుణము కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి మార్గమున కనబడును. 1906లో విజ్ఞానచంద్రికామండలిని నెలకొల్పినవారిలో ముఖ్యులగు ఆయన, సాక్ష్యము లేని మాటను చరిత్రమునకు చేర్చరాదని తెలుగువారికి నేర్పిన పెద్ద. 1923లో ఆయన కీర్తిశేషులు కాగా, హైదరాబాదునందలి పరిశోధకమండలి ఆయన పేరు వహించి 1935లో ‘తెలంగాణా శాసనములు’ ప్రకటించెను. శాసనపాఠము అచ్చుపడి చేతికందినప్పుడు శ్రోత ఉపన్యాసకుని పరీక్షింపగలడు. వట్టి ఉపన్యాసమునకు ఆ రక్ష లేదు. అధ్యక్షుని పరిచయము, పూలమాల, వందనసమర్పణము చిట్టాకెక్కును. ఉపన్యాసకుడేమి చెప్పెనో మాత్రము గాలిలో కలియును. అచ్చుపడినది సవరింపబడును. రుద్రమదేవి 1295 ప్రాంతమువఱకు జీవించెనని పూర్వులు వ్రాసిరి, పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు ప్రకటించిన చందుపట్ల శాసనము ఆమె మరణమును 1289కి తెచ్చినది. పూర్వుల మాట గ్రంథస్థమై యుండబట్టియే దిద్దుబాటు సాధ్యమైనది.

దోషమును చూడవలెనన్న ఏటూరునాగారపు దారి పట్టవలెను. చిరకాలము వరంగల్లు జిల్లాలోనుండి 2019 నుండి ములుగు జిల్లాకు చేరిన ఈ సీమను గూర్చి వేదికలపై చెప్పబడు చరిత్రము సామాన్యముగా పాలంపేటతో నారంభమగును. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో వేయించిన శాసనము అచట కలదు. యాజ్దానీగారు 1922లోనే ఆ దేవాలయములను గూర్చి గ్రంథము ప్రకటించిరి. 2021లో యునెస్కో ప్రపంచవారసత్వపు పట్టికలో ఆ గుడి చేరెను. ఇంతవఱకు బాగు. కాని రామప్ప యను శిల్పి పేరు జనశ్రుతియే గాని శాసనమునందు లేదను మాటను ఎందఱు ఉపన్యాసకులు చెప్పుచున్నారు? తాడువాయి ప్రాంతమున దామరవాయి కొండలపై కాకతీయులకంటె ఎంతయో పూర్వపు రాతిసమాధులు వరుసగా నిలిచియుండగా, వానిని ఒక్క వాక్యముతో దాటుటయు పరిపాటియైనది. రాజు లేనిచోట చరిత్రము లేదనుకొనుట ఈ అలవాటునకు మూలము.

మేడారపు కథయొద్ద ఈ దోషము ముదురును. పగిడిద్దరాజు కఱవుకాలమున కప్పము చెల్లింపలేదనియు, ప్రతాపరుద్రుని సేన వచ్చెననియు, జంపన్న సంపెంగవాగునబడి దానికి తన పేరిచ్చెననియు, సమ్మక్క చిలుకలగుట్టపై అదృశ్యమయ్యెననియు కథ. ప్రతాపరుద్రుని ప్రభుత్వము 1323లో ముగిసినది. దీనికి సమకాలిక శాసనసాక్ష్యము నెవరును చూపియుండలేదు. అయినను వేదికనెక్కినవాడు దీనికొక సంవత్సరమును తగిలించి, కాకతీయచరిత్రమునకు అనుబంధముగా చదివివేయును. సభలోని బడిపంతులు ఆ సంవత్సరమును వ్రాసికొని మఱునాడు ఏటూరునాగారపు బడిలో కోయబిడ్డలకు వల్లె వేయించును. తమ వేల్పు తమ కథలో నాయిక. పాఠములో మాత్రము పరుల రాజ్యమునందొక తిరుగుబాటు! శాసనమునకు అపచారము, పాటకును అపచారము.

ఆ పాటకు వేఱు గ్రంథాలయము కలదు. కోయల కొలుపులయందు త్రికోణాకారపు వస్త్రముపై బొమ్మలు దీర్చిన పడిగెను నిలిపి, డోలీ వాయించుచు గోత్రకథలను పాడు వంశములున్నవి. బొమ్మ పుటగా, పాట పాఠముగా ఆ గ్రంథము చదువబడును. మణుగూరు మండలము కూనవరమునకు చెందిన సకిని రామచంద్రయ్యగారు కోయభాషలోను తెలుగులోను ఈ కథలను పాడినవారు. 2022లో పద్మశ్రీ బిరుదమునంది 2024లో కీర్తిశేషులైరి. ఇట్టివారిని సభలకు పిలుచుట కలదు. ఉపన్యాసమునకు ముందు వినోదముగా కొంతసేపు వాయింపజేసి, శాలువ కప్పి, ప్రక్కకు కూర్చుండబెట్టుట పిలుపు కాదు.

పడిగె కథ దేనికి సాక్షి? సంవత్సరమునకు కాదు, సేనల సంఖ్యకు కాదు. అడవిజనులు కప్పమును, కఱవును, చావును ఎట్లు తలచుకొనిరో దానికి సాక్షి. ఇది క్రొత్త న్యాయము కాదు. 1949లో వెలువడి 1955లో సాహిత్య అకాడమీ బహుమానమందిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్రము’నందు సురవరం ప్రతాపరెడ్డిగారు కావ్యములను, సామెతలను ఆచారవ్యవహారములకు సాక్ష్యముగా గైకొనిరి. కావ్యమునకు చెల్లిన న్యాయము డోలీపాటకు చెల్లకపోవుటకు హేతువు లేదు. లిపికెక్కకపోవుట హేతువు కానేరదు.

కావున ఈ సీమ చరిత్రముపై భాషానిలయములలో జరుగు సభ ఏటూరునాగారమునను ఒకసారి జరుగవలెను. పాలంపేట శాసనపాఠము ముందుగా శ్రోతలకు పంచిపెట్టి చదువవలెను. పడిగె పాడువానికి ఉపన్యాసకునితో సమానమైన కాలమిచ్చి, పాటను కోయమాటలలోనే వ్రాసికొని, తెలుగు తాత్పర్యముతో శాసనపాఠము ప్రక్కనే అచ్చువేయవలెను. రెండును కలియని చోట ఆ స్థలమును ఖాళీగా విడువవలెను గాని, ఉపన్యాసకుని ఊహతో పూడ్చరాదు.