శబ్దాన్ని విడదీసే చేతిపని

ఒక శబ్దంలో కలగలిసి ఉన్న పౌనఃపున్యాలను, అంటే సెకనుకు ఇన్నిసార్లు అని లెక్కించే కంపనాలను, వేరుచేసి ఒక్కొక్కదాని బలాన్ని ఎల్‌ఈడీ దీపాల వరుసలుగా చూపే పరికరమే వర్ణపట విశ్లేషకం. 1965లో కూలీ, టూకీ ప్రచురించిన వేగవంతమైన ఫోరియర్ గణన పద్ధతిని చిన్న మైక్రోకంట్రోలర్‌కు అప్పగించి దీన్ని ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు. లేదా రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఆప్‌యాంపులతో ఒక్కో పౌనఃపున్య పట్టీకి ఒక్కో వడపోత వలయాన్ని సోల్డరింగ్ చేసుకోవచ్చు. మొదటి దారి కచ్చితమైనదే అయినా అందులో విడదీసే పనంతా ప్రోగ్రాములో దాగిపోతుంది కనుక, నేర్చుకునేవారు రెండోదానితో మొదలుపెట్టడమే మేలు.

16 కిలోఓమ్‌ల రెసిస్టర్ల జతతో, 10 నానోఫారడ్‌ల కెపాసిటర్ల జతతో కట్టిన వియెన్ వడపోత దాదాపు 1000 హెర్ట్జ్ దగ్గరి శబ్దాన్ని ఎక్కువగా దాటనిస్తుంది. అయితే ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే అనంతపురంలో చవకరకం సెరామిక్ కెపాసిటర్లను నమ్మడానికి లేదు. వేడికి వాటి విలువ ఐదో వంతు పడిపోతే, 1000 హెర్ట్జ్ కోసం కట్టిన వలయం 1250 దగ్గరికి జరిగిపోతుంది. కొంచెం ఖరీదైనా, వేడికి అంతగా మారని పాలియెస్టర్ ఫిల్మ్ కెపాసిటర్లే ఇక్కడ వాడదగినవి. వడపోత దాటి వచ్చిన సంకేతాన్ని ఎల్‌ఎం3915 చిప్‌కు ఇస్తే అది 10 దీపాలను 3 డెసిబెళ్ల మెట్లుగా వెలిగిస్తుంది. ఒక్కో మెట్టుకు శబ్దశక్తి రెండింతలవుతుంది.

ఈ పరికరం ముందు వినిపించవలసినవి ఈ నేల వాద్యాలే. మామూలు చర్మపు మూత మీద మూలస్వరానికి 1.59, 2.14 రెట్ల వంటి పొంతన లేని పైస్వరాలు పుడతాయి. మృదంగం మూత మీది నల్లని పూత బరువు వాటిని మూలస్వరానికి పూర్ణ గుణిజాలుగా మారుస్తుందని సి.వి.రామన్ 1920లో శివకాళీ కుమార్‌తో కలిసి నేచర్ పత్రికలో వివరించారు. అనంతపురం జిల్లా ఉరుముల కళాకారులు మోగించే ఉరుము అనే తోలువాద్యంలో ఒక వైపు చర్మాన్ని కర్రతో రుద్దుతారు గనుక, కర్ర పట్టుకుంటూ జారుతూ కంపనాన్ని ఎడతెగకుండా నిలుపుతుంది. ఇరుకైన వడపోత స్పందించడానికి కొంత వ్యవధి పడుతుంది కాబట్టి, క్షణంలో అణగిపోయే దెబ్బ కంటే ఈ సాగే నాదమే దానికి అనుకూలం. తోలువాద్యాల మూలస్వరం, దాని దగ్గరి పైస్వరాలు ఎక్కువగా 1000 హెర్ట్జ్ లోపే ఉంటాయి. అందువల్ల 63 నుంచి 16,000 హెర్ట్జ్ వరకు 7 పట్టీలను పరిచే రెడీమేడ్ చిప్ కంటే, ఆ హద్దులోపలే దగ్గరదగ్గరగా కట్టుకున్న సొంత వడపోతలు ఉరుమును మెరుగ్గా చూపగలవు.