నీళ్ళు నిలబడే వేళ

మా కాకినాడ తీరంలో వేటకెళ్ళేవాళ్ళు సముద్రం సంగతి తిథితో చెబుతారు. అమావాస్య, పౌర్ణమి వెళ్ళాక నీళ్ళ ఉరవడి ఎక్కువ, అష్టమి వెళ్ళాక తక్కువ. చిన్నప్పుడు విని మర్చిపోయిన ఆ లెక్క ఇంగ్లండు దక్షిణ తీరాన, స్వానేజ్‌లో, వీపున స్కూబా సిలిండరు కట్టుకున్నాక మళ్ళీ పనికొచ్చింది.

స్వానేజ్ నుంచి పడవలో కాసేపు వెళ్తే యాన్విల్ పాయింట్ వస్తుంది. ఆ కొండకొమ్ముకి ఎదురుగా, సుమారు 30 మీటర్ల లోతున కయారా ఓడ పడి ఉంది. 1903లో స్కాట్లండులోని డంబార్టన్‌లో కట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక ఆస్ట్రేలియా వైద్య బృందాలను ఈజిప్టుకి చేర్చింది. 1918 మే 26న యూబీ-57 అనే జర్మన్ జలాంతర్గామి టార్పెడోతో ముంచేసింది. ఆరుగురు చనిపోయారు.

అక్కడ మనకి తీరినప్పుడు దిగడం కుదరదు. ఇంగ్లిష్ చానెల్ నీళ్ళు దాదాపు ఆరు గంటలు ఒకవైపు, ఆరు గంటలు ఇంకోవైపు పరుగెడతాయి. మళ్ళే ముందు కాసేపు నిలబడతాయి. ఇక్కడి డైవర్లు దాన్ని ‘స్లాక్’ అంటారు. ఒడ్డున నీటిమట్టం చూస్తే అది తెలియదు. డోవర్ రేవులో పోటు వేళ నుంచి లెక్కగట్టాలి. పెద్ద పోట్ల రోజుల్లో ఆ విరామం కొద్ది నిమిషాలే.

లెక్క ఎంత బాగా వేసినా చివరి మాట బోయదే. ఓడ మీదికి బరువు కట్టి దించిన తాడుకి పైకొసన ఉంటుందది. ఉరవడిలో సగం మునిగి, వెనకాల నురగ కక్కుతుంటుంది. సరంజామా అంతా తగిలించుకుని బల్లల మీద కూర్చుని అందరం దానివంకే చూస్తాం. మాటలు వాటంతటవే తగ్గిపోతాయి. నురగ సన్నగిల్లుతుంది, బోయ పైకి తేలుతుంది, తాడు నిటారవుతుంది. అప్పుడు దిగాలి. ఈ విద్యలో నాకు ఓడకన్నా ఆ ఎదురుచూపే ఎక్కువ నేర్పింది.

నేర్చుకోకముందు ఒక తప్పు చేశాను. విరిగిన ఇనపరేకుల సందులో దీపం వేస్తే మలుగుపాము లాంటి కాంగర్ ఈల్ తల కనిపించింది, నా పిడికిలంత లావున. జోడీగా దిగినతను పైకి పోదామని బొటనవేలు చూపించాడు. ఇంకొక్క నిమిషం అన్నాను. 30 మీటర్ల దగ్గర ప్రతి ఊపిరికీ పైనకన్నా నాలుగు రెట్లు గాలి ఖర్చవుతుంది. తల కూడా కాస్త మొద్దుబారుతుంది. ఉన్నట్టుండి, అప్పటిదాకా తలోదిక్కూ తిరుగుతున్న చేపలన్నీ ఒకేవైపు మూతులు తిప్పి నిలబడ్డాయి. రేకుల మీది సన్నని ఒండ్రు పొగలా లేచి పక్కకి సాగింది. నీళ్ళు మళ్ళాయి. తాడు దగ్గరికి ఈదే ఆశ లేదు. గుర్తు బెలూన్ పైకి వదిలి, దాని దారం పట్టుకుని, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి తేలేసరికి పడవ చాలా దూరంలో ఉంది. వచ్చి ఎక్కించుకున్నారు. ఆ రోజు నా జోడీకి చెప్పిన క్షమాపణ ఇప్పటికీ తక్కువే అనిపిస్తుంది.

కయారా నుంచి సెంటు సీసాలు ఏరి తెచ్చుకున్నవాళ్ళు చాలామంది. తెచ్చింది ఏదైనా 28 రోజుల్లోగా ‘రిసీవర్ ఆఫ్ రెక్’ అనే అధికారికి చెప్పాలన్నది బ్రిటన్ చట్టం. నేనైతే అసలు ముట్టను. ఆరుగురు పోయిన చోటు అది.

ఇక్కడ డైవింగ్ నేర్చుకుంటున్న మన పిల్లలు ఈ ఓడ గురించి అడుగుతుంటారు. దిగండి, తప్పకుండా చూడండి. పడవలో చోటు మాత్రం అష్టమి వెళ్ళిన ఒకటి రెండు రోజులకి అడగండి, పౌర్ణమి వారాంతానికి వద్దు. జోడీ బొటనవేలు పైకెత్తితే వెంటనే బయల్దేరండి.